వెనక్కిచ్చిన చెవి

మావయ్యకి చెవిటి మిషన్ అమ్మిన దుకాణదారు ఆయనతో ఎప్పుడూ తల వంచుకునే మాట్లాడాడు. చెవులు అమ్ముకుని బతికే మనిషికి చెవిటివాళ్ళు ఎలా వింటారో తెలియకపోవడాన్ని నేనింతవరకూ క్షమించలేదు.

మావయ్య ఇరవై ఎనిమిదేళ్ళు నూలు మిల్లులో పనిచేశాడు. ఆ మరల రొదలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అక్కడివాళ్ళు శబ్దం లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటారు. అదే షెడ్డులో నాలుగు వరసల అవతల అత్తయ్య తెగిన దారాలు అతికేది. ఆయన ఆమెని పెళ్ళికి ఒప్పించింది కూడా అంత దూరం నుంచి, పెదవులతోనే. మిల్లు మానేసే వేళకి చెవులు ముప్పాతిక పోయాయి. అర్థం కానిదానికల్లా తలూపే అలవాటు మాత్రం మిగిలింది. తోటివాళ్ళు ఆయన్ని ‘సరేగారు’ అనేవాళ్ళు.

కార్డు మీద మొత్తం చెల్లించి తెచ్చుకున్న మిషన్ మొదటిరోజే చెవిలో ఈల వేసింది. మూడుసార్లు దుకాణానికి వెళ్ళాడు. మూడుసార్లూ తలూపి తిరిగొచ్చాడు.

“ఏమన్నాడు?” అని అడిగాను.

“ఏదో అన్నాడ్రా. సొరుగులో తల పెట్టుకున్నాడు, మూతి కనపడలేదు.”

నాకది చాలింది. డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు ఇచ్చిన బ్యాంకుకి ఫిర్యాదు నేనే రాశాను: వస్తువు పనిచేయదు, అమ్మినవాడు పట్టించుకోడు. చదివిన నాలుగు పుస్తకాల పదునంతా అందులో పెట్టాను. రెండు నెలలకి గెలిచాం. డబ్బు కార్డులోకి తిరిగొచ్చిన సాయంత్రం గాలిలో తేలుతూ వాళ్ళింటికి వెళ్ళాను.

మావయ్య వంటింటి గడప పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. మిషన్ చెవిలోనే ఉంది. అత్తయ్య అటు తిరిగి గిన్నెలు తోముతోంది.

“ష్,” అన్నాడు. “శబ్దం చిన్నగా పెట్టి, మెడ కదపకుండా కూర్చుంటే ఈల రాదురా. మీ అత్తయ్య కూనిరాగం తీస్తుంది, తెలుసా? ఇన్నేళ్ళ కాపురం, నాకే తెలీదు.”

డబ్బు సంగతి చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

“అయితే ఇది మనది కాదుగా. రెండూ ఉంచుకుంటే ఏం బాగుంటుంది? రేపు ఇచ్చేసి, మళ్ళీ కొనుక్కుందాం.”

మర్నాడు ఆయన వెంట వెళ్ళాను. దుకాణదారు మిషన్ని తిప్పి చూసి అద్దాల బల్ల మీద పెట్టాడు. ఈసారి తలెత్తి, నాతో మాట్లాడాడు.

“పెద్దాయనకి వచ్చినప్పుడల్లా చెప్పాను బాబూ. రబ్బరు మొన వదులుగా ఉంది, అందుకే ఈల. చెవికి అచ్చు తీసి సరైనది చేయిస్తాను, కూర్చోండి అంటే తలూపి వెళ్ళిపోయేవాడు. కాళ్ళకి అడ్డం పడమంటావా?”

మావయ్య మా ఇద్దరి మూతులూ మార్చి మార్చి చూస్తున్నాడు.

“మళ్ళీ అమ్ముతారా?” అన్నాను.

“అమ్ముతాను. ఫిర్యాదు తప్పని ఒక్క ముక్క రాసివ్వండి. బ్యాంకు దగ్గర నా పేరు చెడింది.”

మావయ్య అప్పటికే కలం అందుకున్నాడు. దుకాణదారు అడిగిందాంట్లో న్యాయముందని నాకూ తెలుసు. అయినా ఆ కలం లాక్కుని బల్ల మీద పడేశాను.

“ఇంకోచోట కొందాం, పద మావయ్యా. వీడికి రాసిచ్చే ఖర్మ మనకేంటి?”

ఆయన నా ముఖంలోకి, బల్ల మీది మిషన్ వంకా చూశాడు. తర్వాత తలూపాడు.

ఆ ‘ఇంకోచోటు’ నా పంతంతో, నా బద్ధకంతో ఏడు నెలలు సాగింది. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళితే, మిగిలిన ఆ కాస్త వినికిడీ పోయిందన్నారు. ఇక ఏ మిషనూ పనికిరాదట.

మావయ్య మాత్రం పీట చోటు మార్చలేదు. అత్తయ్య భుజాల కదలికలో పాట ఎక్కడైనా దొరుకుతుందేమోనని చూస్తూ కూర్చునేవాడు.

“ఈ వయసులో మీ మావయ్యకి నా మొహం మొత్తి, వీపు మీద మోజు పుట్టిందిరా,” అనేది అత్తయ్య నాతో.

వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయే ముందు, చెప్పిపోదామని వెళ్ళాను. మావయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వంటింటి కేసి గడ్డంతో చూపించాడు.

“పాడుతోందా?”

చెవులు రిక్కించాను. కుళాయి చప్పుడు తప్ప ఏమీ లేదు.

“పాడుతోంది,” అన్నాను, ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతూ.

మావయ్య నవ్వాడు.

“అబద్ధం చెప్పేటప్పుడు నోరు మరీ పెద్దగా తెరుస్తావురా,” అన్నాడు. “పర్లేదు, ఇంకోసారి చెప్పు.”