చిప్పుని పేరడిగిన రోజు

ఆఫీసులో ఆయన్ని వెనకాల అందరూ కామాగారనేవాళ్లు. ఎవరు కోడ్ రాసి పంపినా ముందు కామాలూ ఖాళీలూ సరిచూసి, ఓపిక మిగిలితే కోడ్ చదివేవారు. మందులు దాచే చల్లని గదుల్లో చలిని కొలిచే పెట్టెలు తయారుచేసే కంపెనీ అది. పెట్టెలోని సెన్సర్ లెక్క రెండు మూడు డిగ్రీలు తేడాగా వస్తుంటే, దాన్ని సరిచేసే సూత్రం రాసింది ఆయనే. అందుకిచ్చిన గాజు మెమెంటోని రోజూ తనే తుడుచుకునేవారు.

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి, సెన్సర్‌తో మాట్లాడే డ్రైవర్ కోడ్‌లో ఓ మార్పు చేసి పంపింది. ప్రతి సెన్సర్ చిప్పులోనూ తయారీదారు పెట్టిన గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. ఆమె మార్పు ప్రకారం, పెట్టె ఆన్ కాగానే ముందు ఆ సంఖ్య అడగాలి, సరిపోతేనే పని మొదలుపెట్టాలి.

కామాగారు వారమంతా దానిమీద పడ్డారు. ఫంక్షన్ పేరు బాలేదన్నారు. మార్చింది. పాత పేరే నయమన్నారు. మళ్లీ మార్చింది.

"సార్, పెట్టెలో పెట్టే సర్క్యూట్ బోర్డు మీద ఒకసారి నడిపి చూశారా?" అంది చివరికి.

"రివ్యూ అంటే చదవడమమ్మా. నడపడానికి మనమేం డ్రైవర్లమా?" అని తన జోకుకి తనే నవ్వుకున్నారు.

ఆమె నవ్వలేదు. ఆయన బల్లమీదున్న బోర్డులోకే కోడ్ ఎక్కించింది. తెరమీద ఒకే లైను: చిప్పు సరిపోలలేదు.

"చూశావా, నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను," అన్నారాయన. ఏమన్నారో ఆయనకే గుర్తులేదు.

స్టోరులోంచి ఇంకొన్ని బోర్డులు తెప్పించారు. వాటిదీ అదే పాట. ఆ చిప్పులు చెప్పిన సంఖ్య పట్టుకుని వెతికితే, అసలది వేరే కంపెనీ చిప్పని తేలింది. కొనుగోళ్ల ఆఫీసరు తాపీగా వచ్చి, "పరాయిదేం కాదండీ, అసలు చిప్పుకి పెదనాన్న కొడుకులాంటిది. చవగ్గా వచ్చింది, బోర్డులో చక్కగా కూర్చుంది," అన్నాడు.

ఆ చిప్పుని దాని సొంత లెక్క ప్రకారం చదివితే తేడా ఇట్టే మాయమైంది. కామాగారి సూత్రంతో పనే లేకపోయింది. రోగి ఎవరో అడక్కుండానే ఇన్నాళ్లూ వైద్యం చేశారన్నమాట.

"అమ్మా," అన్నారు గొంతు తగ్గించి, "ఆ 'సరిపోలలేదు' అనే మాట కాస్త మెత్తగా పెడితే..."

"పెడదాం సార్. గది వేడెక్కి మందులు పాడైతే, ఆ సంగతి కూడా మెత్తగానే చెబుదామా?"

ఆయన ఆమె మార్పుకి ఆమోదం నొక్కారు. అసలు చిప్పులు వచ్చాక తన సూత్రాన్ని తానే పీకేసి, ఆ మార్పుని ఆమెకే రివ్యూకి పంపారు. ఎన్ని తప్పులు పడుతుందోనని మధ్యాహ్నం దాకా కుర్చీ అంచునే కూర్చున్నారు. "బాగుంది సార్," అని మాత్రం వచ్చింది.

ఇంటికెళ్లి భార్యతో చెప్పుకున్నారు. "ఇన్నాళ్ల పనీ తీసి పారేశానే. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు."

"అంటే ఊరుకునేవారా మీరు?" అందావిడ. "రండి, భోంచేద్దురు గాని."