కడగని పొర

నా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళు వేసిన ముద్ర అది, ఏ టూత్‌పేస్టుకూ పోదు. దిల్‌సుఖ్‌నగర్‌లో వాటర్ ఫిల్టర్లు బాగుచేసే ఒక మెకానిక్ షాపుకు మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆయన నేను చెప్పేది సగం కూడా వినలేదు, నా పళ్ళే చూశాడు. "ఏ ఊరు చెల్లె మనది? నల్లగొండ దిక్కేనా?" అని అడిగాడు. ఆయన పళ్ళ మీదా అవే చారలు. అంతవరకు నన్ను మేడం అన్నవాడు, ఆ పూట నుంచి చెల్లె అనే పిలిచాడు. నాకు ఆయన అన్న.

నేను వెళ్ళింది పాడైపోయిన ఆర్‌వో మెంబ్రేన్ల కోసం. ఇంట్లో ఫిల్టర్ లోపల చపాతీ కర్రకన్నా కాస్త లావుగా ఒక చుట్ట ఉంటుంది, అది. విప్పితే పల్చటి పొరలు. నీళ్ళు వాటి గుండా పోతాయి, ఉప్పు ఆగిపోతుంది. వాడగా వాడగా పొర మీద తెల్లటి పెచ్చో, గోధుమరంగు జిగటో పేరుకుంటుంది, ఇక ఆ పొర చచ్చినట్టే. ఏ నీళ్ళు పొరను ఎలా చంపుతున్నాయో తేల్చడం నా పీహెచ్‌డీ. మా శాస్త్రంలో ఈ పనిని నిజంగానే పోస్టుమార్టం అంటారు. ఒకసారి ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌లో సెక్యూరిటీవాళ్ళు బ్యాగు స్కాన్ చేసి ఈ చుట్టలేమిటని అడిగితే, అలవాటు కొద్దీ పోస్టుమార్టానికని చెప్పాను. నా బ్యాగు మొత్తం టేబుల్ మీద కుమ్మరించాక గానీ వదల్లేదు.

ఫలితాలు పంపాల్సింది ఒక విదేశీ పత్రికకు. ఆ పత్రికకు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే ధ్యాస, కలిసిపోయినవాటిని విడదీయడం. నీళ్ళలోంచి ఉప్పు, పాలలోంచి నీళ్ళు, గాలిలోంచి గాలి. ఇన్ని పేజీలూ వడగట్టుడు గురించేనా అని మా అమ్మ అడిగింది. అవునన్నాను. ఇంట్లో చాయ్ వడగట్టడానికి మాత్రం నాకు బద్ధకమని దెప్పింది. అందులో నా వ్యాసం వస్తేనే యూనివర్సిటీ నా థీసిస్ తీసుకుంటుంది. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఉండదని తేల్చి చెప్పారు. ఇన్నేళ్ళ చదువూ ఆ ఒక్క వ్యాసం మీద ఆగి ఉంది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం పోయినా, అన్న దగ్గర పాత మామిడి పెట్టెలు మిగిలే ఉన్నాయి. వాటిలో గడ్డి పరిచి మెంబ్రేన్లు పెట్టేవాడు. ఒక్కోదాని మీద మార్కరుతో కాలనీ, అంతస్తు, బోరు నీళ్ళా కృష్ణా నీళ్ళా అన్నది రాసేవాడు. సాయంత్రాలు నేను షాపు ముందు స్టూలు మీద కూర్చుని చుట్టలు విప్పుకునేదాన్ని. చేతులనిండా జిగట అయ్యేది. ఆయన ముఖం చిట్లించి, సబ్బు తెచ్చిచ్చేవాడు.

కొన్నాళ్ళకు చుట్టలు తనే విప్పి, పొరలను న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. నా పని తగ్గిందని సంబరపడ్డాను తప్ప ఎందుకని అడగలేదు. ఆ పొరల మీద మురికి తక్కువగా కనిపించింది. వాటిలో ఎక్కువ కృష్ణా నీళ్ళ ఇళ్ళవే. కృష్ణా నీళ్ళు పొరలకు మంచివని ఒక పేజీ నిండా రాసిపారేశాను. వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ కూడా అదే.

వ్యాసాన్ని పరీక్షించే ఇద్దరి పేర్లు పత్రికవాళ్ళు మనకు చెప్పరు. ఒకరు బాగుందన్నారు. రెండోవారు ఒక్కటే అడిగారు. బోరు నీళ్ళ పొరలు కూడా ఒక తేదీ తర్వాత ఉన్నట్టుండి శుభ్రంగా కనిపిస్తున్నాయి, మారింది నీళ్ళా, మీ పద్ధతా? ఆ పేరు తెలియని మనిషిని సాయంత్రమంతా తిట్టుకున్నాను. తిట్టడం అయ్యాక పట్టిక తీసి చూసుకుంటే, ఆ తేదీ పొట్లాలు మొదలైన రోజే.

మర్నాడు పొద్దున్నే షాపుకు వెళ్ళాను. ఆ వేళకు నేనెప్పుడూ వెళ్ళింది లేదు. షాపు వెనక తాడు మీద పొరలు, ఉతికిన తువాళ్ళలాగా వరసగా ఆరుతున్నాయి. అన్న నిమ్మ ఉప్పు కలిపిన టబ్బు ముందు కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో ఇంకో పొర రుద్దుతున్నాడు. నాకు కావలసిందంతా ఆ టబ్బు నీళ్ళలో తేలుతోంది.

"ఎవరు కడగమన్నరన్నా?" అన్నాను. గొంతు లేచిందని నాకే తెలిసింది.

"కడగకుండ ఎట్ల ఇస్త చెల్లె? ఆడిబిడ్డ చేతుల మురికి పెడ్తమా?"

నాకు కావలసింది మురికేనని నేనెప్పుడూ చెప్పలేదు. తెలిసిన విషయమే కదా అనుకున్నాను, కానీ తెలిసింది నాకు మాత్రమే. ఆయన చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాను. ఏడుపొచ్చింది, మెట్రోలో ఆపుకున్నాను.

సగం నమూనాలు తీసేయక తప్పలేదు. కృష్ణా నీళ్ళ పేజీ మొత్తం పోయింది. తీసేసినందుకు కారణం రాయాలి కదా, మా గైడు ఒక వాక్యం చెప్పారు. సూచనలకు విరుద్ధంగా మెకానిక్ వాటిని కడిగాడని రాస్తే మన మీదికి రాదన్నారు. సూచనలు ఇస్తే కదా సార్, అన్నాను. ఆ సంగతి అక్కడ ఎవరికి తెలుస్తుంది అన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు అది పనికొచ్చింది. జరిగింది జరిగినట్టే రాసి పంపాను. వ్యాసం చిక్కి సగమైంది, గుడ్డి కన్నా మెల్ల నయం అనుకున్నాను. పత్రికవాళ్ళు తీసుకున్నారు. అది అచ్చయిన వారంలోనే థీసిస్ కూడా ఇచ్చేశాను.

వ్యాసం ప్రింటు తీసుకుని అన్న దగ్గరికి వెళ్ళాను. చివర్లో కృతజ్ఞతల దగ్గర తన పేరు ఆయనే వెతికి పట్టుకున్నాడు. షాపు బోర్డు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలే కదా. లోపల కూడా తన గురించి ఏమైనా రాశానా అని అడిగాడు. వాక్యం చూపించి, సగం వరకు తెలుగులో చెప్పాను. ఈ పొరలను మాకు ఇచ్చే ముందు మెకానిక్ కడిగారు.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఎదురుగా ఫిల్టర్ పట్టుకుని నిలబడ్డ గిరాకీకి, తను కడిగి ఇచ్చిన సంగతి ఫారిన్ పుస్తకంలో ఎక్కిందని చెప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ కాగితం మీదికి వంగి, నేను ఆపిన చోట వేలు పెట్టాడు.

"లైను ఇంకా ఉన్నది గద చెల్లె."

వేలు అక్కడ ఉండగా అబద్ధం చెప్పలేకపోయాను. మిగతాది చదివాను. కడగవద్దని మేము ఆయనకు చెప్పలేదు, అందువల్ల వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

ఆయన వేలు తీశాడు. ఎన్ని పోయాయని అడిగాడు. సగం పోయాయని, తప్పు నాదేనని, మొదటిరోజే నోరు విప్పి చెప్పాల్సిందని అన్నాను. ఆయన విన్నాడో లేదో, లేచి లోపలికి వెళ్ళాడు. పాలిథిన్ కవరుతో వచ్చాడు. అందులో అప్పుడే ఏ ఇంట్లోంచో తీసుకొచ్చిన చుట్ట, అడుగున గోధుమరంగు నీళ్ళు చేరి ఉన్నాయి. నా ముఖం వైపు చూడకుండా కవరు చాచాడు.

"గిది కడగలే" అన్నాడు.

థీసిస్ ఇచ్చేశాను, ఇక నాకు ఏ పొరతోనూ పని లేదు. రెండు చేతులా తీసుకున్నాను.