అప్పన్న మావయ్య ఆదివారం షో

నిన్న పొద్దున్నే అత్త ఫోన్ చేసింది.

"మీ మావ లెగట్లేదమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. "మొహం మీద నీళ్లు చల్లు అత్తా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియట్లేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఈ ఆదివారం షోకి పోస్టర్ కూడా పెట్టేశాం.

నేను ఈ గ్రూపులో ఏమీ రాయనని మీకు తెలుసు. కానీ ఇది రాయాలి. పక్కనే ఉండి చూసింది నేనే.

అప్పన్న మావయ్య మా అమ్మకు తమ్ముడు. గోపాలపట్నంలో పెళ్లి బ్యాండులో ముప్పై ఏళ్లు క్లారినెట్ వాయించాడు. మీలో కొందరి పెళ్లిళ్లలో కూడా ముందు నడిచే ఉంటాడు. ఎర్రకోటు గుర్తుంటుంది. మొహం గుర్తుండదు.

నా సంగతి వేరు. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అందుకే ఆన్‌లైన్‌లో ఒక వర్చువల్ ప్రపంచంలో చిన్న లైబ్రరీ నడుపుతున్నాను. అక్కడ మనకు బదులు అవతార్ తిరుగుతుంది, అంటే మన బొమ్మ. నా లైబ్రరీ పక్కన ఒక హాల్ ఉంది. ఎవరింట్లో వాళ్లు మైక్ ముందు పాడతారు, వాళ్ల బొమ్మ స్టేజ్ మీద నిలబడుతుంది. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి లైవ్‌లో వింటారు.

ఒకరోజు మావయ్యకు అది చూపించాను. పాట మీద ఆయన ధ్యాస లేదు. కుర్చీలనే చూస్తున్నాడు.

"కూసోని ఇంటారేటి?"

"అవును మావయ్యా."

"పాటంతానా? మద్దిలో ఎల్లిపోరా?"

"చివరిదాకా వింటారు" అన్నాను.

పెళ్లిలో ఊరేగింపు కదిలితే బ్యాండు కదలాలి. పాట సగంలో ఉన్నా సరే. ముప్పై ఏళ్లలో ఆయన పాట ఎవరూ కూర్చుని వినలేదు. ఒక్కసారైనా కూర్చున్న జనం ముందు, మొదటినుంచి చివరిదాకా, ఒక పాట వాయించాలని ఉండేదట. అత్తకు కూడా చెప్పుకోలేదు.

ఆ సాయంత్రమే అవతార్ మొదలుపెట్టాం. ఎర్రకోటు కావాలన్నాడు. జరీ కావాలన్నాడు. టోపీ మాత్రం వద్దన్నాడు.

"సెమట కారిపోద్దే గుంటా."

"బొమ్మకి చెమట పట్టదు మావయ్యా."

కాసేపు ఆలోచించాడు. "అలగైతే పెట్టీ. పెద్దది పెట్టు."

మొదటి షో ఆదివారం మధ్యాహ్నం, మూడో అంతస్తులో మా ఇంట్లో. చప్పుడు రాకూడదని అత్త ఫ్యాన్ ఆపేసింది. ఆన్‌లైన్ హాల్‌కి పదకొండు మంది వచ్చారు! రెండుసార్లు లెక్కపెట్టాను. కాన్వెంట్‌లో చదివినన్నాళ్లూ అసెంబ్లీలో మైక్ ముట్టుకోని నేను, ఆ రోజు మావయ్యను పరిచయం చేశాను. రెండే వాక్యాలు. కానీ చెప్పాను.

మావయ్య వాయించడం మొదలుపెట్టాడు.

నడవడం కూడా మొదలుపెట్టాడు!

ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి. నేను మైక్ వైపు చేతులు ఊపుతూనే ఉన్నాను. ఆయన తల ఊపుతున్నాడు, కాళ్లు ఆగట్లేదు. నిలబడి వాయించడం ఆ కాళ్లకు తెలియదు మరి. మైక్ ఒకచోట, మావయ్య ఇంకోచోట. అంతా పాడైపోయిందనుకున్నాను.

అయినా పాట పూర్తయింది. మొత్తం.

స్క్రీన్ మీద పదకొండు బొమ్మలూ కదల్లేదు. చాట్‌లో ఒక్క అక్షరం లేదు.

"సూసావా" అన్నాడు మావయ్య మెల్లగా. "ఈళ్లూ ఎల్లిపోనారు. బొమ్మల్ని ఒగ్గీసి."

క్లారినెట్ పెట్టెలో పెట్టి, మూత వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తప్పు నాది. ఇక్కడ వాయించింది అక్కడివాళ్లకు వినపడటానికి దాదాపు అర నిమిషం పడుతుంది. మావయ్య పెట్టె మూసేటప్పటికి వాళ్లు ఇంకా పాటలోనే ఉన్నారు. నాకు తెలుసు. కంగారులో చెప్పడం మరిచిపోయాను.

అప్పుడొచ్చాయి చప్పట్లు! బొమ్మలు లేచి నిలబడ్డాయి! చాట్ ఎంత వేగంగా పరిగెత్తిందంటే, చదవడమే కష్టమైంది. 'సంగీతం మా ఇంటి ముందుకొచ్చి, దాటిపోయి, మళ్లీ తిరిగొచ్చినట్టుంది. ఎలా చేశారు?' అని ఒకరు. 'దయచేసి ఆయన్ని నడవనివ్వండి' అని ఇంకొకరు.

నేను బాల్కనీలోకి పరిగెత్తి అరిచాను. నేను!

"మావయ్యా! చప్పట్లు వచ్చాయి! రా!"

వీధంతా తలెత్తి చూసింది. "ఏటయ్యిందమ్మా?" అని ఇస్త్రీ బండి తాత కంగారుపడ్డాడు. మావయ్య మూడంతస్తులూ పరుగున ఎక్కేశాడు. ఒక చెప్పు మెట్ల మీదే ఉండిపోయింది.

చాట్‌లో ఉన్నదంతా తెలుగులో చదివి వినిపించాను. ఆయన స్క్రీన్‌కి దణ్ణం పెట్టాడు.

"ఇంకోటి వాయించీమంటావా?"

నాలుగు వాయించాడు!

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం అదే పద్ధతి. పాట అవగానే ఆ అర నిమిషం కదలకుండా నిలబడి వేళ్లు లెక్కపెట్టుకునేవాడు. నేను స్క్రీన్ వైపు ఆత్రంగా చూస్తుంటే, "ఒచ్చెత్తాయి, ఉండే" అని నాకే ధైర్యం చెప్పేవాడు. ప్రతిసారీ చప్పట్లు వచ్చేవి. ప్రతిసారీ మొదటిసారిలాగే నవ్వేవాడు.

నిన్న సాయంత్రం ఆయన బ్యాండువాళ్లే ఆయన ముందు నడిచారు. అందరూ కోట్లు వేసుకొచ్చారు. క్లారినెట్ చోటు ఖాళీగా వదిలి వాయించారు.

ఇవాళ మధ్యాహ్నం ఆన్‌లైన్ హాల్‌లో కబురు చెప్పాను. ఎర్రకోటు బొమ్మను స్టేజ్ మీద నిలబెట్టాను. పెద్ద టోపీతో సహా. ఒక్కొక్కరే వచ్చి కుర్చీల్లో కూర్చుంటున్నారు. పాట లేదు, మాట లేదు. ఇది రాస్తున్నంతసేపూ ఒక్కరు కూడా లేచి వెళ్లలేదు.

వెళ్లిరా మావయ్యా. అంత నడిచిన నీ కాళ్లకు ఇప్పుడు చల్లని విశ్రాంతి దొరకాలి.

పెట్టె మాత్రం అప్పుడే మూసెయ్యకు. వేళ్లు లెక్కపెడుతూ ఉండు.

వచ్చేస్తాయి.