మొఘల్‌పురా పొట్టేలుకు మూత్ర పరీక్ష

పొట్టేలు మూత్రం కోసం పొద్దున్నే రైలెక్కుతున్నానంటే మా ఆవిడ నవ్వింది. పశువులకు పెట్టకూడని మందులను పట్టిచ్చే పరీక్ష పట్టీలు మా ల్యాబ్‌లో ఉంటాయి. మా వీధి స్టాండులో ఆటో నడిపే మొఘల్‌పురా యూసుఫ్ భాయ్ వారంగా వాటి కోసమే వెంటపడుతున్నాడు. రెండు పొట్టేళ్లను పెంచి, ఒకదాన్ని కోసి, రక్తం పడుతుందని కార్జం వండించి తల్లికి పెట్టాడు. మర్నాడే ఆవిడ గుండెదడతో పోయింది. “బలమొస్తదని ఎవడో ఇచ్చిన పౌడర్ రెంటికీ పెట్టిన సార్. రెండోది ఇంకా ఆ పౌడరే తింటనే ఉంది. అమ్మీని నేనే సంపిన్నా?” అన్నాడు. ఇక కాదనలేకపోయాను.

ఆరు దాటాక సికింద్రాబాద్‌లో లోకల్ రైలు, పది రూపాయల టికెట్. దబీర్‌పురాలో దిగి యూసుఫ్ ఇంటికి ఆటో ఎక్కాను, అరవై అడిగాడు. నా పెట్టె చూసి, “పరీక్ష సామానా? కరోనా మళ్లొచ్చిందా ఏంది అన్నా?” అన్నాడు డ్రైవరు.

పొట్టేలు పడుకుని లేవగానే పోస్తుంది, అప్పుడే పట్టాలి. గరిటెకు గ్లాసు కట్టి యూసుఫ్ పట్టాడు. పట్టీ మీద మూడు చుక్కలు వేశాను. ఆయన భార్య తెచ్చిన చాయ్ ఎవరమూ ముట్టలేదు. పది నిమిషాలకు ఒక్క గీత తేలింది.

యూసుఫ్ నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు. “ఒక్కటే సార్! కరోనాకు గూడ ఒకటొస్తె ఏం లేనట్టే గద! అల్లా కా శుకర్, నా చేతుల పాపం లేదు!”

మెల్లగా ఆయన చేతులు విడిపించాను. ఈ పట్టీ తీరు వేరు. మందు ఉంటే రెండో గీత రాదు. ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది, బుద్ధి లేకపోయింది. “భాయ్, దీనికి రెండు రావాలి,” అన్నాను.

ఆయన పట్టీని వెలుతురులోకి తిప్పాడు. “ఇంకొంచెం సేపు ఆగుదాం సార్. వస్తదేమో.”

ఆగాం. రాలేదు. ఇది తొలి పరీక్షేనని, పెద్ద ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలని, వాళ్లమ్మ దేనివల్ల పోయిందో ఏ పట్టీ చెప్పలేదని నచ్చజెప్పాను. అన్నీ నిజాలే. ఒక్కటీ ఆయనకు పనికిరాలేదు. తిరుగు రైల్లో నా మీద నాకే రోత పుట్టింది. నిజం తెలిస్తే మనసు కుదుటపడుతుందనుకుని బయల్దేరినవాణ్ణి, ‘నా వల్ల కాదేమో’ అన్న కాస్త ఆసరాను కూడా లాగేసి వచ్చాను.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. యూసుఫ్ అడిగాడని నేను వదిలేసి వచ్చినట్టు పట్టీని వాళ్లింట్లో వదిలి రాకండి. సాయంత్రం ఫోన్ వచ్చింది. “సార్, రెండోది ఇంకా రాలే.”