ఎడమ పీపాకు పోసిన గంజి

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒకరికి పెట్టి ఇంకొకరిని చూస్తూ కూర్చోబెట్టడమనేది లేదు. పిల్లలకైనా, పనివాళ్లకైనా, పాడిగేదెలకైనా అదే రివాజు. మంచి అలవాటేనని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఒక వేసవిలో అది మా ఆడబిడ్డ పరువు తీయబోయింది, అదీ నా చేత్తోనే.

ఎనభైల్లో సంగతి. మాచవరం దగ్గరి అత్తగారింటికి నేను కాపురానికొచ్చి రెండేళ్లు. ఆడబిడ్డ గుంటూరులో బియ్యెస్సీ చదివేది. సెలవుల్లో పరిశోధన నేర్పడానికి కాలేజీ మొత్తంలో ఇద్దరిని ఎంచుకుంటే, అందులో తానొకతె. పేడ నుంచి వంటగ్యాసు ఎక్కువ తీయడమెలాగో చూడటం ఆమె పని. పెరట్లో రెండు పీపాలు పెట్టింది. రెండింటిలోనూ పేడనీళ్లే, కుడిదానికి మాత్రం రోజూ చెంబెడు గంజి. ఒక్కో దాంట్లో చిన్న పీపా బోర్లించి ఉండేది, గ్యాసు నిండేకొద్దీ అది పైకి లేచేది. పొద్దున్నే స్కేలు పెట్టి కొలిచి, పుస్తకంలో రాసుకుని, గ్యాసు వదిలేసేది. (ఆ వాసనకు మా అత్తగారు నెలపాటు ముక్కు మీది కొంగు తియ్యలేదు.)

"నలభయ్యో రోజున మా కాలేజీ సారొస్తాడు వదినా. గంజి పోస్తే ఎక్కువొస్తదని నేనే పంతం పట్టి చెప్పా. తేడా చూపియ్యకపోతే అందరూ నవ్విపోతారు" అనేది.

ఇరవై ఎనిమిదో రోజు పొద్దున స్కేలు పట్టుకుని ఏడుపు మొహంతో వంటింట్లోకొచ్చింది.

"ఏంది వదినా ఇది? రెండూ ఒకే ఎత్తు లేస్తన్నయ్యి! గంజి పోసినా పొయ్యకపోయినా ఒకటేనంట!"

"పొయ్యకపోవటమేంది? ఎడం దానికీ పోస్తన్నాగా."

"ఎవురు?"

"నేనే. నువ్వు నీళ్లు పోసుకోటానికి పొయ్యినప్పుడు. పక్కదానికి రోజూ పెడతంటే అది చూస్తా ఊరుకోవాలా?"

"అది పీపా వదినా! పిల్లకాయ కాదు!"

"గొడ్లకి రెంటికీ పోస్తన్నాం. పీపా ఏం పాపం చేసిందే?" అన్నారు మా అత్తగారు కొంగులోంచే.

ఆడబిడ్డ గడప మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇక మిగిలింది పన్నెండు రోజులు. ఆ రోజుల్లో గంజి వార్చినప్పుడల్లా ఎడమ పీపా వైపు చూడకుండా నడిచేదాన్ని. వారం తిరిగేసరికి అది పాపం కిందికి దిగింది, కుడిది మాత్రం నిండుగా లేచింది. ఆడబిడ్డ గంతులేసింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

సారు వచ్చి పుస్తకం తిరగేశాడు. ఒకచోట ఆగి పైకి చదివాడు: "మొదటి ఇరవై ఎనిమిది రోజుల కొలతలు చెల్లవు. కారణం: మా వదిన ఎడమ పీపాకూ గంజి పోసింది." నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. ఆయన గట్టిగా నవ్వి, "తేడా రావటం కాదమ్మా, ఈ మాట దాచకుండా రాశావు చూడు, అదీ పని. వచ్చే ఏడాది కూడా ఈ పనికి నువ్వే రావాలి" అన్నాడు.

మర్నాడు ఆడబిడ్డను బస్సెక్కించి వచ్చి, నేను చేసిన మొదటి పని ఎడమ పీపాకు చెంబెడు గంజి పోయడం. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే అలా చేయననే అనుకుంటాను. చేతిలో గంజి చెంబు ఉంటే మాత్రం చెప్పలేను.