లుక్ ఆఫ్టర్ అంటే మేష్ట్రు చేసింది

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు కోసం తలలెత్తుతున్నాయి. పురుగు పొర విడవడాన్ని మా సాదలి వైపు జ్వరం అంటాం. ఇలాంటప్పుడు కలం పట్టే తీరిక ఎవరికుంటుంది? కానీ మొన్న పొద్దున చింతామణి నుంచి ఫోను వచ్చింది, మా ఇంగ్లీషు మేష్ట్రు పోయారని.

మా మేష్ట్రు అంటున్నానే గానీ, ఆయన బడిలో నేనెప్పుడూ కూర్చోలేదు. రిటైరయ్యాక మా ఊళ్లో ఉన్న రోజుల్లో టీ అంగడి దగ్గర దొరికేవారు. నేను పాత పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఆ ఇంగ్లీషుతోనే ఒకసారి బాగేపల్లి బస్టాండులో ఒక విదేశీయుడికి దారి చెప్పాను. ఆయన ఎక్కడ తేలాడో నాకిప్పటికీ తెలియదు. సరే, అది వేరే కథ.

ఒకరోజు, లుక్ ఆఫ్టర్ అంటే ఏమని అడిగాను. ఆయన అర్థాలు చెప్పే రకం కాదు, తిరిగి అడిగే రకం.

"పురుగులకు నువ్వేం చేస్తాండావప్పా?"

"ఆకేస్తా."

"అది ఫీడ్. ఇంకా?"

"పొగాకు వాసనకు చస్తాయని బీడీ మానేస్తిని."

"అదీ లుక్ ఆఫ్టర్. మనకిష్టమైంది గడప బయట విడిచి లోపలికి పోవల్ల."

"మరి మీరు ఆ ముక్కుపొడి విడుస్తారా మేష్ట్రే? అదీ పొగాకే కదా."

చిటికెడు పీల్చనిదే ఆయనకు మాట పూర్తయ్యేది కాదు.

"నాకు పురుగుల్లేవు కదప్పా," అంటూ డబ్బీ మూత తీశారు.

కొన్నాళ్లకు, సరిగ్గా పంట చివర్లో, మా ఆవిడకు కడుపునొప్పి లేచింది. చింతామణికి తీసుకుపోక తప్పలేదు. ఊరంతా ఒకేసారి పురుగు మేపుతోంది, ఎవరి పురుగుల ఆకలి వాళ్లది. ఆ పంట పోతే ఆ ఏడు మాకు ఇంకో దారి లేదు. ఖాళీగా ఉన్నది మేష్ట్రు ఒక్కరే. ఆకు ఎలా వేయాలో ఆయనకు గబగబా చూపించాను.

"నువ్వొచ్చేదాకా నేనుంటా, పోప్పా," అన్నారు. డబ్బీ ఆయన అంగీ జేబులోనే ఉంది. బయట పెట్టమని అడగడానికి నోరు రాలేదు.

ఆస్పత్రిలో వెంటనే ఆపరేషన్ అన్నారు. స్ట్రెచర్ మీద పోతూ కూడా మా ఆవిడ, "ఆయప్ప ముక్కుపొడితోనే లోపలికి పోయినాడేమో, ఫోన్ చెయ్యి," అంది. చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. తలుపు ముందు కూర్చుని మళ్లీ మళ్లీ చేశాను. లోపల ఆమె, అక్కడ పురుగులు, నా చెవిలో ఎవరూ ఎత్తని ఫోను.

ఆమె గండం గడిచాక మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి, పురుగుల ఇంటి గోడకు చెవి పెట్టాను. పురుగు మేస్తుంటే వాన పడ్డట్టు వినిపించాలి. చప్పుడు లేదు.

గడప బయట బండమీద ఆయన పంచె, అంగీ, ఫోను. వాటిమీద ముక్కుపొడి డబ్బీ.

తలుపు తోశాను. నా లుంగీ కట్టుకుని, ఎర్రటి కళ్లతో, కారే ముక్కును భుజానికి తుడుచుకుంటూ ఆకు పరుస్తున్నారు.

"ఎట్లుండాది ఆమెకు?"

"బాగుండాది. ఫోనెత్తలేదే మేష్ట్రే?"

"పొడితోపాటు జేబులో ఉండె కదప్పా, అదీ కంపే. నిలబడి చూస్తాండావే, ఆకు పట్టు."

ఆకు పడ్డచోటల్లా వాన మొదలైంది.

మొన్న చింతామణిలో ఆయన తల దగ్గర ఆ డబ్బీ పెట్టి ఉంది. ఆయన్ని ఎత్తే ముందు కూతురు దాన్ని నా చేతిలో పెట్టింది. "మీరే తీసుకోండన్నా."

ఇంటికొచ్చి డబ్బీని గడప బయట బండమీద పెట్టాను. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, లోపలికి పోయి ఆకు వేశాను.