పోయిన పాప తూకం

2023 వేసవి. కడపలో మా ఇంటి నుంచే ఒక సంస్థకు డేటా పని చేసేదాన్ని. కమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు నెలనెలా పసిపిల్లలను తూచి, బరువు ఫోన్‌లో ఎక్కించేవారు. అది డేటాబేస్‌లో రెండు టేబుళ్ళుగా చేరేది. ఒకదాంట్లో పిల్లల వివరాలు, ఇంకోదాంట్లో బరువులు. రెంటినీ కలిపేది పాప ఐడీ నంబరు ఒక్కటే. ఆ నంబరును బట్టి రెండు టేబుళ్ళనూ జతచేసి, స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసి, బరువు తగ్గుతున్న పిల్లల జాబితా పంపడం నా పని. జాబితాలో ఉన్న ఇంటికే డాక్టరు వెళ్ళేవారు.

ఇంపోర్ట్‌లో నేనే ఒక షరతు రాసిపెట్టుకున్నాను: మరణించిన తేదీ ఉన్న పిల్లల వరుసలు రాకూడదని. అది లెక్క కోసం మాత్రమే కాదు. మా పాపకు అప్పుడు ఐదో నెల. ఆ వరుసలు చూడలేకపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం, కొత్త కంప్యూటర్‌లో ఆ షరతు పెట్టడం మరిచిపోయాను. అన్ని వరుసలూ వచ్చేశాయి. ఒకచోట చెయ్యి ఆగింది. అంజలి అనే పాప నాలుగో నెలలో, ఐదు కిలోలు ఉండగా చనిపోయింది. ఏడాదికి పైగా తూకాలేమీ లేవు. తర్వాత అదే నంబరు మీద మళ్ళీ బరువులు. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. మూడున్నర. నాలుగు. పోయిన పాప మళ్ళీ పుట్టి పెరుగుతున్నట్టు. ఆ పైన మూడు కిలోల ఎనిమిది వందలు, మళ్ళీ మూడున్నర. చివరి తూకం నిన్నటిది.

లేచి, ఉయ్యాలలో నిద్రపోతున్న మా పాప ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి తగిలాకే వచ్చి కూర్చున్నాను.

తప్పుడు వరుస అనుకుని తీసేయవచ్చు. కానీ నిన్న ఆ తక్కెడలో ఎవరో ఉన్నారు. ఆ ఊరి కార్యకర్త సులోచనక్కకు ఫోన్ చేశాను.

"అంజలా? ఆ పాప పోయి రెండేండ్లు కావస్తాండాది గదమ్మా."

"మరి నిన్న ఎవరిని తూచినావు అక్కా?"

"దాని చెల్లెల్ని. వాళ్ళమ్మ కొత్త తూకం కార్డు రాయనీలే. రాస్తే అక్కను తీస్కపోయినట్టే దీన్నీ కొండబోతాదంట. ఏడాది నిండేదాకా పేరొద్దు, నంబరొద్దు అనింది. పాత కార్డు మీద రాస్తానంటేనే తూచనిచ్చింది."

"ఏది కొండబోతాది?"

"అది మాత్రం నోట చెప్పదు. రెండు నెల్లుగా పాప తగ్గతాండాదని నేను రాస్తానే ఉండా. డాక్టరు యాడ? మీ జాబితా శానా జాగర్తగా చేస్తారంట గదా."

ఆ తల్లి బిడ్డను ఎవరి కంటా పడకుండా దాచింది. పోయిన పాప నంబరు మీదున్న వరుసలన్నీ తీసేసే నా షరతు ఆ దాచడాన్ని పూర్తి చేసింది.

ఆ సాయంత్రమే డాక్టరును పంపించాం. పాపను కడప ఆసుపత్రిలో చేర్చారు. మూడు వారాలకు నాలుగు కిలోలు దాటింది. పాపకు వేరే ఐడీ నంబరు ఇవ్వడానికి తల్లి నాతో ఫోన్‌లో ఒప్పుకుంది. "పేరు మాత్రం అడగద్దు మేడం," అంది. "అడగనులేమ్మా," అన్నాను. పేరు గడి ఖాళీగా వదిలాను.

అప్పటినుంచి ముందు అందరినీ రానిస్తాను. మరణం తర్వాత తూకం ఉన్న వరుసలు ఏవైనా ఉన్నాయేమో చూసి, ఊరికి ఫోన్ చేశాకే షరతు పెడతాను. చూడలేనని వదిలేసిన చోటే ఒక బిడ్డ రెండు నెలలు చిక్కిపోయింది.

ఆ పాపకు ఏడాది నిండిన నెల, ఆ గడిలో పేరు వచ్చింది. పైకి చదవలేదు. ఇక్కడా రాయను.